మంట తగిలిన చెవులు

శుక్రవారం మధ్యాహ్నం నుంచి సోమవారం పొద్దుటి దాకా నా కాలు ఒకచోట నిలవలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. తప్పు నాది. నాదని నాకొక్కదానికే తెలుసు. దానికి ఇంకొకరి బిడ్డ ఉద్యోగం పోయేట్టుంది. ఇదీ సంగతి. నాకు సంతకం పెట్టడం, బస్సు నంబరు చదవడం తప్ప అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మూసాపేటలో మా పక్కగదిలో కిరాయికుండే అమ్మాయి రాస్తోంది. నేను ఎట్లా చెబితే అట్లా రాయదు, సరిచేసి రాస్తుంది. సరే, రాయనీ. సంగతి మారకపోతే చాలు.

నేను పంది చెవులు తెచ్చే మనిషిని. నవ్వకండి. మాదాపూర్‌లో పెద్ద రోడ్డు వెనక గల్లీలో ఒక బిల్డింగు ఉంది. పైన కంప్యూటర్ల ఆఫీసు, కింద కర్రీ పాయింటు, మధ్య అంతస్తు మా ల్యాబు. అక్కడ మొహానికి పూసుకునే క్రీములు చేసి చూస్తారు. దుకాణాల్లో అమ్మేది వీళ్ళు కాదు. పెద్ద కంపెనీలు అడిగితే చేసి, పనిచేస్తుందని చూపించి ఇస్తారు. నేను అక్కడ ఊడుస్తాను, తుడుస్తాను, గాజు సామాను కడుగుతాను.

అంతకుముందు ఇరవై ఏళ్ళు మాల్ మోశాను. మాల్ అంటే ఇసుక, సిమెంటు కలిపిన ముద్ద. మా ఆయన మేస్త్రీ. ఆయన గోడ కడుతుంటే తట్టతో నేను అందించేదాన్ని. ఇప్పుడు ఈ చుట్టుపక్కల అద్దాలు తొడుక్కుని నిలబడ్డ బిల్డింగులు ఉన్నాయి కదా, వాటిలో ఎన్నింటికో లోపల ఇటుక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో నాకు తెలుసు. లోపలికి మాత్రం రానివ్వరు. కోకాపేటలో పదహారో అంతస్తు మీద పని చేస్తూ మా ఆయన చాయ్ తాగడానికి కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. గ్లాసులో చాయ్ సగం అట్లాగే ఉంది. ఆ తరువాత నేను తట్ట ముట్టలేదు. ఒక హౌస్‌కీపింగ్ కాంట్రాక్టరు నన్ను ఈ ల్యాబులో పెట్టాడు.

ల్యాబులో నాతో మాట్లాడే మనిషి ఒక్కతే, క్రీములు చేసే మేడం. గుంటూరు వైపు పిల్ల. నా కూతురంత వయసు ఉంటుంది. నన్ను అమ్మా అంటుంది, మళ్ళీ అండి అని తగిలిస్తుంది. చేరి ఏడాది కావస్తున్నా ఇంకా పర్మనెంటు కాలేదు. ఆమె చేసిన క్రీములు మూడు నాలుగు సరిగా రాలేదు. ఈసారి కూడా రాకపోతే వేరే దారి చూసుకోమని సార్ అందరిముందూ అన్నాడు. సార్ అంటే ల్యాబు పెద్ద. ఆ మాట అన్నప్పుడు నేను అక్కడే తడిగుడ్డ పిండుతున్నాను. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. నేను చూడనట్టు బకెట్టు ఎత్తుకుని బయటికొచ్చాను.

ఆమె చేస్తున్నది మంగు మచ్చల క్రీము. నా రెండు చెంపల మీదా మంగు ఉంది, ఎండలో మాల్ మోస్తే వచ్చిందే. ఒకరోజు నా మొహం చూసి, ఇది తయారైతే మొదటి డబ్బా మీకేనమ్మా అంది. మొహం మీద పూస్తే మచ్చ ఎట్లా పోతుంది, లోపలున్నదాన్ని బయట పూసింది ఎట్లా అందుకుంటుంది అని అడిగాను. ఆమెకు ఎవరైనా అడిగితే చాలు. కాగితం తీసి గోడ బొమ్మ గీసింది.

“చర్మం ఇలాంటి గోడేనండి. ఇవి ఇటుకలు. మధ్యలో ఉన్నది కొవ్వు. అదే వీటిని పట్టి ఉంచేది.”

“మాలా?” అన్నాను.

“మాలేనండి,” అంది. ఇద్దరం నవ్వాం.

మందు ఒట్టిగా పూస్తే గోడ మీద పడ్డ వానలాగా పైపైన జారిపోతుందట. అందుకని మందును కొవ్వుతో చేసిన బుడగల్లో పెడతారు. ఆ బుడగ కంటికి కనపడదు. ఒక తలవెంట్రుకను నిలువునా వందల పోగులుగా చీలిస్తే అందులో ఒక్క పోగంత. ఇటుకల మధ్యనున్నదీ కొవ్వే, బుడగా కొవ్వే. కొవ్వుకు కొవ్వు దారిస్తుంది. అట్లా సందుల్లోంచి పోయి లోపల మందు దించుతుంది. దానికి నానో అని ముందు పెట్టి ఒక పొడుగు పేరుంది. నా నోటికి రాదు. నేను బుడగలనే అంటాను.

బుడగలు లోపలికి పోయాయో లేదో చూడాలంటే చర్మం కావాలి. మనిషి చర్మానికి దగ్గరగా ఉండేది పంది చెవి చర్మమట. చెవి వెనక నుంచి పలచగా చర్మం తీసి, రెండు గాజు గిన్నెల మధ్య బిగిస్తారు. పై గిన్నెలో క్రీము, కింది గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు. గంట గంటకూ కింది నీళ్ళు కొంచెం తీసి, మందు ఎంత దిగిందో మిషన్లో చూస్తారు. ఆ గాజు గిన్నెలు కడిగేది నేనే. ఒక్కటి పగిలినా మళ్ళీ తెప్పించడానికి నెలలు పడుతుందని భయపెట్టి ఇచ్చారు. పసిబిడ్డకు నీళ్ళు పోసినట్టు కడుగుతాను.

చెవులు ముందు ఎవరో తెచ్చి ఇచ్చేవాళ్ళు. వాళ్ళు మానేశారు. మేడం ఫోన్లు చేసి చేసి విసిగిపోతుంటే, దీనికి ఫికర్ ఎందుకు, నేను తెస్తానన్నాను. జీడిమెట్ల వైపు పంది మాంసం దుకాణం పెట్టుకున్న ఒకాయన మాకు తెలుసు. ఒకప్పుడు మాతో పాటు సెంట్రింగు పని చేసినవాడు. పొద్దున్నే పోతే కోసిన వెంటనే చెవులు తీసి, కడిగి, ఐసు వేసి నా స్టీలు డబ్బాలో పెట్టేవాడు. మేడం నాకు చెప్పిన జాగ్రత్తలు మూడు. తాజాగా ఉండాలి, కత్తిగాటు పడకూడదు, చల్లగా రావాలి. అంతే. వాళ్ళింట్లో మాంసం వండరు. మాంసం దుకాణంలో ఇంకేం జరుగుతుందో ఆమెకేం తెలుసు?

ఏం జరుగుతుందో నేను చెప్తాను. మన దగ్గర తలకాయ, కాళ్ళు కొంటే పచ్చిగా చేతిలో పెట్టరు. దుకాణంలోనే మంట మీద వెంట్రుక కాల్చి, మరిగే నీళ్ళలో ముంచి, కత్తితో గీకి, తెల్లగా చేసి ఇస్తారు. అది మర్యాద. అట్లా ఇవ్వనివాడి దగ్గరికి రెండోసారి ఎవరూ పోరు.

ఆ వారం నేను పోయేసరికి ఆలస్యమైంది. బస్సు రాలేదు. చెవులు తీసి పక్కన పెట్టి ఉంచాడు, వెంట్రుకలతోనే. మేడం ప్రతిసారీ చిన్న కత్తెర పట్టుకుని ఒక్కొక్క వెంట్రుకా కత్తిరించడం నాకు గుర్తొచ్చింది. మెడ వంచి గంటసేపు కూర్చుంటుంది. తరువాత మెడ పట్టేసిందని రుద్దుకుంటుంది.

“జర నున్నగ చేసియ్యి తమ్మీ, తలకాయకు చేసినట్టు,” అన్నాను.

గ్యాసు మంట పెట్టి రెండు నిమిషాల్లో చేసి ఇచ్చాడు. చెవులు వెండి గిన్నెల్లాగా మెరిశాయి. నేను దారి పొడుగునా సంతోషపడుతూనే వచ్చాను. మేడం కూడా సంతోషపడింది. ఇంత శుభ్రంగా ఎప్పుడూ రాలేదమ్మా అంది.

గురువారం అంతా గాజు గిన్నెల్లో పరీక్ష నడిచింది. శుక్రవారం మధ్యాహ్నం మేడం మిషన్ గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. బుడగలు లేని ఒట్టి క్రీము లెక్క పోయిన వారమే చూసి పెట్టుకుందట. దాని పక్కన పెడితే బుడగల క్రీములోని మందు ఎన్నో రెట్లు దిగింది. సార్ తన కుర్చీలోంచి లేచి వచ్చాడు. మేడంతో చేయి కలిపాడు. సోమవారం పదకొండు గంటలకు కంపెనీవాళ్ళు వస్తున్నారు, ఇదే చూపిద్దాం అన్నాడు. మేడం నా దగ్గరికొచ్చి, తడి చేతులని కూడా చూడకుండా నా రెండు చేతులూ పట్టుకుంది. మీ చెవుల మహత్యం అమ్మా అంది.

అప్పటిదాకా నాకేమీ తట్టలేదు. ఆ సంతోషంలో ఆమె మళ్ళీ గోడ సంగతి ఎత్తుకుంది. మధ్యలో కొవ్వు చూశారా, అందులోంచే నా బుడగలన్నీ పోయాయి అంది. కొవ్వు అనే మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. మంట తగిలితే కొవ్వు ఏమవుతుంది? వంట చేసే ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది.

మేము సైటు పక్కన ఇటుక గదిలో ఉన్నప్పుడు పొయ్యి గోడకానించి పెట్టుకున్నాను. ఏడాది తిరిగేసరికి అక్కడ సిమెంటు పిండిలాగా రాలడం మొదలైంది. వానాకాలం నాలుగు గోడలూ బాగానే ఉన్నాయి, పొయ్యి వెనక మాత్రం నీళ్ళు కారాయి. మా ఆయన వేలితో గీకి చూసి, మంట తగిలిన గోడ నీళ్ళాపదు అన్నాడు. నన్ను తిట్టి, పొయ్యి బయటికి మార్పించాడు. ఆ మాట ఇన్నేళ్ళ తరువాత గాజు గిన్నె కడుగుతుంటే చెవిలో పడింది. బుడగలు గోడలోంచి దారి చేసుకుని పోలేదు. నేను గోడనే పగలగొట్టి తెచ్చాను.

చర్మం గోడ గట్టిగా ఉందో లేదో ముందే చూసే చిన్న మిషన్ ఒకటి ల్యాబులో ఉండేది. అది రిపేరుకు పోయి నెలయింది. అది ఉంటే ఆరోజే తెలిసిపోయేది.

అప్పుడే చెప్పొచ్చు కదా అంటారు. చెప్పడానికే పోయాను. ఆమె ఫోనులో వాళ్ళమ్మతో మాట్లాడుతోంది. పర్మనెంటు అయిపోతానమ్మా అంటోంది. గుమ్మం దగ్గర నిలబడి, తుడిచిన బండనే మళ్ళీ తుడిచి వెనక్కొచ్చాను. సాయంత్రం ఆమె అందరికీ మైసూర్‌పాకు తెచ్చి పెట్టింది. నా ముక్క కాగితంలో చుట్టుకుని తెచ్చుకున్నాను. తినలేదు, పారేయలేదు.

శనివారం ల్యాబు సెలవు. గదిలో ఉన్న నాలుగు గిన్నెలు తోమాను, ఎండలో పెట్టాను, మళ్ళీ తెచ్చి తోమాను. మార్కెట్టుకని బయల్దేరి మెట్రో స్టేషన్ దాకా పోయి, మెట్లెక్కి, దిగి వచ్చాను. నాకేం తెలుసు, నేనేమన్నా చదువుకున్నానా, మంటకూ దీనికీ సంబంధం ఉందో లేదో అని కాసేపు అనుకున్నాను. చెబితే నా పని పోతుందని కాసేపు అనుకున్నాను. చెప్పకపోతే ఏమవుతుందని ఇంకాసేపు. సార్ చూపించింది నమ్మి కంపెనీవాళ్ళు తీసుకుపోతారు. తమ దగ్గర మళ్ళీ చేసి చూస్తారు, చూడకుండా ఎవరు కొంటారు? అప్పుడు దిగదు. అప్పుడు అబద్ధం చెప్పిందెవరంటే ఆ పిల్ల. చెవుల సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఆదివారం ఉండబట్టలేక దుకాణానికి పోయాను. జనం వరసలో నిలబడి ఉన్నారు. మొన్నటి చెవులకు మంట ఎంతసేపు పెట్టావని అడిగాను. ఆయన కత్తి ఆపి నా మొహం చూశాడు.

“ఏందక్కా, మాడినయా? నువ్వే గదా నున్నగ చెయ్యమన్నవ్.”

నేనే కదా. అంతమంది ముందర ఆ మాట పడ్డాక ఇంక నాకు సందేహం లేకపోయింది. సోమవారం తెల్లవారగానే వస్తానని, రెండు చెవులు పచ్చివి, నీళ్ళు కూడా చన్నీళ్ళే, మంట దరిదాపులకు తీసుకుపోవద్దని చెప్పాను. అట్లా ఎవరు తింటారని అడిగాడు.

సోమవారం ఎనిమిదిన్నరకల్లా గేటు దగ్గరున్నాను. కొత్తగా వచ్చిన సెక్యూరిటీ ఆయన ఆపాడు.

“డబ్బాల ఏముందమ్మా?”

“చెవులు.”

“ఎవరియి?”

“నావైతే కాదు. పోనియ్యి.”

మూత తీసి చూసి, గబుక్కున మూసి పక్కకు జరిగాడు.

మేడం అప్పటికే వచ్చి ఉంది. ఇస్త్రీ చేసిన కొత్త చుడీదార్ వేసుకుంది, కాగితాలు బల్ల మీద వరసగా పెట్టుకుంటోంది. నేను డబ్బా ఆ కాగితాల పక్కనే పెట్టాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మొదలే చెప్పేశాను.

“మేడం, మొన్నటి చెవులు కాల్చినయి.”

“కాల్చినవంటే?”

“గ్యాసు మంట మీద. మల్ల మసిలే నీళ్ళల్ల ముంచి గీకిండు. ఆయన తప్పు కాదు, నేనే చెయ్యమన్న. మీ మెడ నొప్పి తప్పుతదని.”

ఆమె డబ్బా మూత తీసింది. లోపల వెంట్రుకలతో ఉన్న చెవులు చూసింది. మొన్నటివి గుర్తు చేసుకుంటున్నట్టు చాలాసేపు చూసింది. మూత పెట్టి, పోయి తలుపు దగ్గరగా వేసింది. నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పొయ్యి వెనక గోడ సంగతి చెప్పాను. మా ఆయన అన్న మాట చెప్పాను. ఆమె కూర్చుని, రెండు అరచేతులూ కళ్ళకు అదుముకుంది.

“ఎవరికైనా చెప్పారా?”

“లేదు.”

గోడ మీద గడియారం వైపు చూసింది. నేనూ చూశాను. నాకు గంటలు చూడటం వచ్చు. ఇంకా రెండు గంటలకు పైగా ఉంది. ఆ రెండు గంటలూ ఇట్లాగే గడిచిపోతే ఎవరికీ ఏమీ తెలియదని ఇద్దరికీ తెలుసు. నేను అటు చూడలేక కిటికీ వైపు తిరిగాను. కింద కర్రీ పాయింటువాడు ఉల్లిగడ్డలు వేయిస్తున్నాడు, ఆ వాసన వస్తోంది.

“నేనే పోయి సార్‌కు చెప్త,” అన్నాను. “చేసింది నేనే గదా.”

“వద్దండి. మీరు రాకండి,” అంది. “చెవులు ఎలా తేవాలో మీకు పూర్తిగా చెప్పాల్సింది నేను. వెంట్రుక ఒక్కటీ లేకుండా వస్తే ఎందుకు లేదని అడగాల్సిందీ నేనే. అడగలేదు. బాగుంది కదా అని ఊరుకున్నాను.”

వరసగా పెట్టిన కాగితాల్లోంచి ఒకటి తీసి, మడిచి, చేతిలో పట్టుకుని పోయింది. సార్ గదికి గాజు తలుపు. నేను బయట ఒకే బండ తుడుస్తూ ఉన్నాను. మాట వినపడదు, మనుషులు కనపడతారు. సార్ లేచాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచి కిటికీ దగ్గరికి పోయి వీపు మావైపు పెట్టి నిలబడ్డాడు. ఆ పిల్ల కదలకుండా నిలబడే ఉంది. ఆ కాగితం ఆమె చేతిలో చిన్నగా, ఇంకా చిన్నగా మడతలు పడుతోంది.

కంపెనీవాళ్ళు వచ్చారు. సార్ వాళ్ళకు చాయ్ ఇప్పించాడు. నేనే పట్టుకుపోయాను. లెక్క ఇంకోసారి చూసుకోవాలి, అప్పుడే చూపిస్తామన్నాడు. వాళ్ళలో ఒకాయన చేతి గడియారం చూసుకున్నాడు. అరగంటలో వెళ్ళిపోయారు. సార్ నన్ను పిలిచి ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే నా కాళ్ళు కుదురుకునేవి.

మేడం ఆరోజే పచ్చి చెవులతో మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఒట్టి క్రీము, బుడగల క్రీము రెండూ పక్కపక్కనే పెట్టింది. కత్తెర పట్టుకుని మెడ వంచి కూర్చుంటే, నేను ఆమె వెనక నిలబడి ఫ్యాను గాలి తగలకుండా అట్ట పట్టుకున్నాను, వెంట్రుకలు ఎగరకుండా. బుధవారం లెక్క వచ్చింది. బుడగలు పోయాయి. ఒట్టి క్రీము కంటే ఎక్కువే పోయాయి. కానీ శుక్రవారం చూసిన దానిలో అది ఏ మూలకూ రాదు.

“నిజంగా పోయేది ఇంతేనమ్మా,” అంది. ఏడుపూ లేదు, నవ్వూ లేదు.

సార్ ఇంకో మూడు నెలలు గడువు పెట్టాడు. పర్మనెంటు కాగితం ఇవ్వలేదు, పొమ్మనీ అనలేదు. కంపెనీవాళ్ళు ఔననలేదు, కాదనలేదు. నా చేతిలోంచి చెవుల పని తీసేస్తారనుకున్నాను, తీయలేదు. ఒక మార్పు మాత్రం వచ్చింది. ఇప్పుడు చెవులు తెచ్చే రోజున మేడం తన స్కూటీ మీద మూసాపేట వచ్చి నన్ను ఎక్కించుకుంటుంది. జీవితంలో మాంసం దుకాణం మెట్టెక్కని పిల్ల, చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని మాంసం కొట్టే మొద్దు పక్కన నిలబడుతుంది.

“మంట తగలకూడదండి,” అంటుంది. “వేడి నీళ్ళు కూడా వద్దండి.”

మొదటిరోజు దుకాణమాయన చెవులు నాకు అందిస్తూ గొంతు తగ్గించి అడిగాడు.

“గీ అమ్మ కాల్చకుంట ఎట్ల తింటదక్కా?”

“తినదు,” అన్నాను. “గోడ చూస్తది.”

ఆయనకేం అర్థమైందో ఏమో, తల ఊపి ఇంకో గుప్పెడు ఐసు వేశాడు. తిరిగి వచ్చేటప్పుడు డబ్బా నా ఒళ్ళో ఉంటుంది. ట్రాఫిక్కులో స్కూటీ ఆగిన చోటల్లా మూత కొంచెం తీసి, చెవుల మీద వెంట్రుకలు ఉన్నాయో లేవో చూస్తాను. దుకాణంలో ఇద్దరం చూసే తెచ్చాం. అయినా చూస్తాను. చల్లదనం పోతుందమ్మా, మూత పెట్టండి అని ముందు నుంచి ఆమె అంటుంది. పెడతాను. తరువాతి సిగ్నల్ దగ్గర మళ్ళీ తీస్తాను.